చిన్న కూరగాయల తోటకు డ్రిప్: ముందు మట్టి, ఆ తర్వాతే పైపు

చిన్న కూరగాయల తోటకు డ్రిప్ వేయాలనుకున్నవారిలో చాలామంది పైపు ఎన్ని మీటర్లు కావాలి, చుక్కచుక్కగా నీరు వదిలే డ్రిప్పర్లు ఎన్ని కావాలి అన్న లెక్కతోనే పని మొదలుపెడతారు. నా దృష్టిలో ఆ లెక్క చివర రావాలి. డ్రిప్పర్ నుంచి రాలిన చుక్క మట్టిని తాకిన తర్వాత ఎంత లోతుకు దిగుతుంది, పక్కకు ఎంత దూరం పాకుతుంది అన్న రెండు సంగతులూ ముందుగా తెలుసుకుంటే మిగిలిన నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. డ్రిప్ కింద నేల పైభాగం ఎక్కువగా పొడిగానే కనిపిస్తుంది. అసలు తడి అంతా కంటికి అందని చోట, వేళ్ల దగ్గర ఉంటుంది. కాలువ కట్టి మడి నింపడం అలవాటైన కళ్లకు ఈ పొడి ఆందోళన కలిగిస్తుంది, మొక్కకు నీరు అందలేదేమోనన్న అనుమానంతో చెయ్యి మళ్లీ వాల్వ్ మీదకు పోతుంది. డ్రిప్ ఉన్న తోటల్లో కూడా నీరు ఎక్కువై వేళ్లు కుళ్లిపోవడానికి ఈ అనుమానమే పెద్ద కారణమని నేను నమ్ముతున్నాను.

కాబట్టి మొదటి పని మట్టిని చేత్తో పట్టి చూడటం. గుప్పెడు మట్టి తీసుకుని, రాళ్లూ చెత్తా ఏరేసి, కొద్దికొద్దిగా నీరు చిలకరిస్తూ ముద్దయ్యేదాకా పిసికి, ఆ ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలాగా సాగదీయాలి. ముద్దే కట్టకుండా రాలిపోతే అది ఇసుక నేల. పట్టీ 2.5 సెంటీమీటర్లు కూడా సాగకుండా తెగిపోతే గరప నేల. 5 సెంటీమీటర్లు దాటినా తెగకుండా, వేళ్లకు నున్నగా అంటుకుంటూ ఉంటే బంక నేల. ఈ రెంటికీ మధ్య ఉండే నేలలే ఎక్కువ. వాటి విషయంలో పేరు తేల్చుకోవడం కంటే నీరు పోసి చూడటం మంచిది.

నీరు పోసి చూడటానికి డ్రిప్పర్ కూడా అక్కరలేదు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాకు అడుగుకు దగ్గరగా సూదితో ఒక సన్నని రంధ్రం చేసి, నీటితో నింపి, మూతను వదులు చేస్తూ బిగిస్తూ చుక్కల వేగాన్ని సరిచూసుకుంటే, ఆ సీసా సుమారు గంటలో ఖాళీ అయ్యేలా చేయవచ్చు. గంటకు రెండు లీటర్లు ఇచ్చే డ్రిప్పర్ చేసే పని సరిగ్గా అదే. సీసాను మడిలో పొడిగా ఉన్న చోట పెట్టి, ఖాళీ అయిన తర్వాత ఒక పూట ఆగి, చుక్క పడిన చోటికి ఆనించి పారతో నిలువుగా ఒక గోడ కోసినట్టు తవ్వితే, లోపలి తడి ముదురు రంగులో స్పష్టంగా కనిపిస్తుంది. ఇసుక నేలలో ఆ ముదురు మచ్చ సన్నగా, నిటారుగా కిందికి దిగిపోయి ఉంటుంది. పైన జానెడు వెడల్పు కూడా లేకపోయినా కింద మూరెడు లోతు దాటి ఉండవచ్చు. బంక నేలలో అదే నీరు పళ్లెంలా పక్కలకు పరుచుకుని, లోతుకు మాత్రం బద్ధకంగా దిగుతుంది. గరప నేలలో వెడల్పూ లోతూ ఇంచుమించు సమానంగా వస్తాయి. తడి అంచు దగ్గర మట్టిని వేళ్లతో నలిపితే ఒకవైపు ముద్దకట్టి, రెండోవైపు పొడిగా రాలిపోతుంది. ఆ రెంటి మధ్య గీత ఎంత పదునుగా ఉంటుందో ఒక్కసారి కళ్లారా చూసినవారు, మొక్కను ఆ గీతకు అవతల నాటితే ఏమవుతుందో ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తారు.

ఆ గోడ మీద కొలిచిన వెడల్పే డ్రిప్పర్ల మధ్య దూరాన్ని నిర్ణయిస్తుంది. పక్కపక్క డ్రిప్పర్ల తడి మచ్చలు నేల లోపల ఒకదానితో ఒకటి కలిసిపోయి, పైపు పొడవునా తెగని తడి పట్టీ ఏర్పడాలి. దీనికి ఇసుక నేలలో 20 నుంచి 30 సెంటీమీటర్లు, గరప నేలలో 30 నుంచి 40, బంక నేలలో 40 నుంచి 50 సెంటీమీటర్ల దూరం సాధారణంగా సరిపోతుంది. తడి పట్టీ తెగకుండా ఉన్నప్పుడు మొక్క సరిగ్గా డ్రిప్పర్ కిందే ఉండాలన్న నియమం పోతుంది. ఈసారి వంగ వేసిన మడిలో వచ్చేసారి బెండ వేసుకున్నా, మొక్కల మధ్య దూరం మారినా, పైపును కదపనక్కరలేదు. కూరగాయల తోటలో పంట తరచుగా మారుతుంది కాబట్టి ఈ స్వేచ్ఛ చాలా విలువైనది.

నేను ఇన్‌లైన్ పైపును ఇష్టపడటానికి కారణం కూడా ఇదే. ఇన్‌లైన్‌లో డ్రిప్పర్లు తయారీలోనే పైపు లోపల నిర్ణీత దూరంలో అమర్చి వస్తాయి. ఆన్‌లైన్ పద్ధతిలో ఖాళీ పైపు తీసుకుని కావలసిన చోట రంధ్రం చేసి డ్రిప్పర్‌ను బయటినుంచి గుచ్చుతాము. సొర, కాకర, గుమ్మడి వంటి తీగజాతులను దూరదూరంగా పాదులు చేసి పెట్టినప్పుడు, కుండీలకు నీరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆన్‌లైన్ మంచిది, ఎందుకంటే పాదుకూ పాదుకూ మధ్య ఉన్న నేలను తడపడం వృథా. వరుసల్లో నాటే టమాటా, మిరప, వంగ, బెండ, చిక్కుడు వంటి వాటికి మాత్రం ఇన్‌లైన్‌కు మించినది లేదు. ఇక విత్తనం చల్లి పెంచే ఆకుకూరల సంగతి వేరు. వాటి వేళ్లు పైపైనే ఉంటాయి, మొక్కలు మడి అంతా పరుచుకుని ఉంటాయి, కాబట్టి పైపుల మధ్య దూరం 30 సెంటీమీటర్లకు మించితే మధ్యలో ఒక చార పాలిపోయి కనిపిస్తుంది. మడికి మూడు, నాలుగు పైపులు వేయాలి, లేదా విత్తనాన్ని చల్లడం మాని పైపుకు అటూ ఇటూ వరుసగా వేసుకోవాలి. ఈ రెండూ కుదరని చోట ఆకుకూరల మడిని డ్రిప్ నుంచి తప్పించి, సన్నని తుంపర స్ప్రింక్లర్ పెట్టుకోవడమే న్యాయం.

మట్టి తర్వాత చూసుకోవలసినది నీరు వచ్చే చోటు. కుళాయిని పూర్తిగా తిప్పి, 20 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూడాలి. నిమిషంలో నిండితే గంటకు 1,200 లీటర్లు వస్తున్నట్టు. ఇందులో ముప్పావు వంతు, అంటే గంటకు 900 లీటర్లు మాత్రమే లెక్కలోకి తీసుకోవడం క్షేమం, ఎందుకంటే ఫిల్టర్ మురికి పట్టేకొద్దీ ప్రవాహం తగ్గుతుంది. ఇప్పుడు 1.2 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవు ఉన్న ఒక మడిని తీసుకుందాం. దానికి రెండు పైపులు, ఒక్కో పైపుకు 30 సెంటీమీటర్లకొకటి చొప్పున 26 డ్రిప్పర్లు, మొత్తం 52. ఒక్కొక్కటి గంటకు 2 లీటర్లు ఇస్తే మడికి గంటకు 104 లీటర్లు కావాలి. 900 లీటర్లతో ఇటువంటి మడులు ఎనిమిదింటికి ఒకేసారి నీరు పెట్టవచ్చు. అంతకంటే ఎక్కువ మడులుంటే వాటిని రెండు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక వాల్వ్ పెట్టాలి. అన్నింటినీ ఒకే వాల్వ్ మీద వేస్తే దగ్గరి మడులు మునుగుతాయి, చివరి మడి ఎండుతుంది.

ప్రవాహం ఒకటైతే పీడనం మరొకటి, ఈ రెంటినీ కలిపి ఆలోచించడం వల్లనే చాలా గందరగోళం పుడుతుంది. డ్రిప్పర్ మీద రాసి ఉండే గంటకు 2 లీటర్లు, 4 లీటర్లు అన్న అంకె సాధారణంగా 1 బార్ పీడనం దగ్గర వచ్చేది. 1 బార్ అంటే సుమారు 10 మీటర్ల ఎత్తున్న నీటి బరువు. నేల నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉన్న తొట్టి నుంచి నీరు వదిలితే వచ్చేది 0.2 బార్ మాత్రమే. అయితే పీడనం అయిదో వంతుకు పడిపోయినంత మాత్రాన ప్రవాహం అయిదో వంతుకు పడదు. మామూలు డ్రిప్పర్లలో ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది, అంటే పీడనం నాలుగో వంతు అయితే ప్రవాహం సగం అవుతుంది. ఈ లెక్కన 2 మీటర్ల ఎత్తున్న తొట్టి కింద 2 లీటర్ల డ్రిప్పర్ గంటకు సుమారు 0.9 లీటరు ఇస్తుంది. చిన్న తోటకు ఇది చాలు, సమయం రెట్టింపు చేసుకుంటే సరి. తొట్టితో డ్రిప్ పనిచేయదని కొట్టిపారేసేవారి మాట నిజం కాదు.

అయితే తొట్టి మీద ఆధారపడేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. పీడనాన్ని తానే సర్దుకునే డ్రిప్పర్లు కొన్ని దొరుకుతాయి. అవి ఏటవాలు నేలల్లోనూ పొడవైన వరుసల్లోనూ అద్భుతంగా పనిచేస్తాయి, కానీ వాటి లోపలి రబ్బరు పొర పనిచేయడానికి సాధారణంగా అర బార్‌కు పైనే పీడనం కావాలి. తొట్టి కింద వాటిని వాడితే ఆ అదనపు ఖర్చుకు ఫలితం ఉండదు. రెండో విషయం నేల వాలు. పీడనం ఎక్కువగా ఉన్నచోట అర మీటరు వాలును లెక్కచేయనక్కరలేదు గాని, మొత్తం ఉన్నదే 2 మీటర్లయినప్పుడు పల్లపు చివర ఉన్న డ్రిప్పర్ పీడనం నాలుగో వంతు పెరుగుతుంది, ప్రవాహం సుమారు 12 శాతం ఎక్కువవుతుంది. అందుకే డ్రిప్ పైపులను వాలుకు అడ్డంగా, నేల సమంగా ఉన్న దిక్కున పరచి, వాటికి నీరందించే పెద్ద పైపును వాలు వెంట దింపాలి. పంపు నుంచి గాని, పీడనం బలంగా ఉన్న కుళాయి నుంచి గాని నీరు తీసుకునేవారికి సమస్య ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. అక్కడ పీడనాన్ని తగ్గించి నిలకడగా ఉంచే ప్రెషర్ రెగ్యులేటర్ లేకపోతే జాయింట్లు ఊడిపోతాయి, పలుచని గోడ పైపులైతే చీలిపోతాయి.

డ్రిప్పర్ లోపల ఏముందో చూడాలన్న కుతూహలం ఉన్నవారు పాత ఇన్‌లైన్ పైపును ఒక డ్రిప్పర్ దగ్గర పొడవునా కోసి చూడండి. లోపల వేలి కణుపంత ప్లాస్టిక్ ముక్క మీద వంకరటింకరగా సాగే ఒక సన్నని దారి ఉంటుంది. నీరు ఆ మలుపుల్లో తిరిగి తిరిగి తన బలాన్ని పోగొట్టుకుని, బయటికి వచ్చేసరికి చుక్కగా మారుతుంది. మరీ సన్నని రంధ్రంతో నీటిని అదుపు చేయబోతే అది తొందరగా పూడుకుపోతుంది. దారిని పొడవు చేసి అదుపు చేస్తే రంధ్రం పెద్దదిగా ఉన్నా చుక్కే వస్తుంది. ఇజ్రాయెల్ నీటి ఇంజనీరు సిమ్‌ఖా బ్లాస్ గొప్పతనం ఈ ఆలోచనలోనే ఉంది. ఆయన, ఆయన కుమారుడు యెషయాహు కలిసి రూపొందించిన డ్రిప్పర్‌ను నెగెవ్ ఎడారిలోని హట్జెరిమ్ కిబ్బుట్జ్ (సమష్టి వ్యవసాయ గ్రామం) 1965లో నెటాఫిమ్ అనే సంస్థను స్థాపించి తయారు చేయడం ప్రారంభించింది. ఈ రోజు తోటల్లో పరిచే పైపులన్నింటిలోనూ, ఆకారం ఎంత మారినా, నీటిని పొడవైన దారిలో నడిపించి నెమ్మది చేయాలన్న సూత్రం కొనసాగుతూనే ఉంది.

దారి ఎంత పెద్దదైనా అది మిల్లీమీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి ఫిల్టర్ లేని డ్రిప్‌ను నేను డ్రిప్‌గా లెక్కించను. చిన్న తోటకు 120 మెష్ జాలి ఫిల్టర్ చాలు. అది సుమారు 130 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులను ఆపేస్తుంది. చెరువు నీరు, గుంట నీరు, మూత లేని తొట్టి నీరు అయితే జాలి కంటే, గాళ్లున్న ప్లాస్టిక్ బిళ్లలను దొంతరగా పేర్చిన డిస్క్ ఫిల్టర్ మేలు, ఎందుకంటే నాచు మెత్తగా ఉండి జాలి మీద పొరలా పరుచుకుంటుంది, కొంత ఒత్తిడికి సాగి అవతలికి కూడా జారిపోతుంది. నాచును అసలు పుట్టకుండా చూడటం ఇంకా మంచిది. నాచుకు వెలుతురు కావాలి, కాబట్టి తొట్టి వెలుగు చొరనిదై, మూత ఉన్నదై ఉండాలి. పైపులు నల్లగా ఉండటానికి ఎండకు తట్టుకోవడంతో పాటు ఇది కూడా ఒక కారణం. తొట్టి నుంచి నీరు తీసే గొట్టాన్ని అడుగుకు ఆనించి కాకుండా నాలుగు వేళ్ల ఎత్తున బిగిస్తే అడుగున చేరిన ఒండ్రు ఫిల్టర్ దాకా రాదు.

సామాను అమర్చే వరుస ఇలా ఉండాలి. మొదట వాల్వ్, ఆ తర్వాత నీరు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్, ఎరువు కలిపే వెంచురి పెట్టుకునేవారికి అది, ఆ తర్వాత ఫిల్టర్, అవసరమైతే ప్రెషర్ రెగ్యులేటర్, అక్కడినుంచి మెయిన్ పైపు. తాగునీటి కుళాయి నుంచే తోటకు నీరు తీసుకునేవారు నాన్ రిటర్న్ వాల్వ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ వదిలిపెట్టరాదు. కుళాయిలో పీడనం హఠాత్తుగా పడిపోయినప్పుడు తోటలోని మట్టినీరు, ఎరువునీరు వెనక్కి లాగబడి తాగే నీటిలో కలిసే ప్రమాదం ఉంది. వెంచురి ఎప్పుడూ ఫిల్టర్‌కు ముందే ఉండాలి, కరగని ఎరువు పలుకులు ఏమైనా ఉంటే ఫిల్టర్ దగ్గరే ఆగిపోతాయి.

మెయిన్ పైపుగా కనీసం 25 మిల్లీమీటర్ల పైపు తీసుకుని, దాని నుంచి మడుల్లోకి 16 మిల్లీమీటర్ల ఇన్‌లైన్ పైపులు తీయడం చిన్న తోటకు సుఖమైన పద్ధతి. పైపు చుట్టను పరచడానికి ముందు ఎండలో కొంతసేపు ఉంచితే మెత్తబడి, చుట్ట ఆకారం వదిలిపెట్టి తిన్నగా పడుకుంటుంది. మెయిన్ పైపుకు రంధ్రాలన్నీ ఒకే గీత మీద, పక్క వైపున పడేలా ముందే సుద్దతో గుర్తులు పెట్టుకుని, డ్రిల్‌తో రంధ్రం చేసి, అందులో నీరు కారకుండా ఆపే రబ్బరు రింగు, అంటే గ్రోమెట్‌ను అంచు పూర్తిగా కూర్చునేలా నొక్కి, దానిలోకి డ్రిప్ పైపును కలిపే చిన్న గొట్టం, అంటే టేకాఫ్‌ను గుచ్చాలి. రంధ్రం అంచున పీచులాంటి ప్లాస్టిక్ మిగిలితే గ్రోమెట్ కూర్చున్నట్టే కనిపించి తర్వాత కారుతుంది, కాబట్టి ఆ పీచును బ్లేడుతో గీకివేయాలి. రాలిన పొట్టును పైపులోనే వదలకూడదు. టేకాఫ్ మీదకు 16 మిల్లీమీటర్ల పైపు ఎక్కకపోతే బలవంతం చేయకుండా, పైపు కొసను వేడి నీటిలో క్షణకాలం ముంచి తీస్తే అది వదులై సాఫీగా ఎక్కుతుంది, చల్లారాక గట్టిగా పట్టుకుంటుంది. ఇక్కడ నూనె గాని గ్రీజు గాని రాయడం మంచిది కాదు. ఎక్కించడం ఎంత సులువో ఊడిపోవడమూ అంత సులువవుతుంది.

పైపును మడి పొడవునా బిగించి లాగి కట్టకూడదు. మధ్యాహ్నపు ఎండకు అది సాగుతుంది, రాత్రి చల్లదనానికి కుదించుకుపోతుంది; బిగువుగా ఉన్న పైపు ఆ కుదింపులో జాయింటు నుంచి జారుతుంది. కొంచెం వదులు ఉంచి, మీటరుకొక మేకు చొప్పున నేలకు పట్టించి వదిలేయాలి. డ్రిప్పర్ రంధ్రాలు పైకి చూసేలా పరిస్తే, నీరు ఆగిపోయిన తర్వాత పైపు అడుగున మిగిలే సన్నని మట్టి రంధ్రం మీదకు చేరదు.

అన్ని పైపులూ పరిచాక, చివర్లు మూయకుండానే వాల్వ్ తిప్పాలి. తొందరలో చాలామంది వదిలేసే పని ఇది, నేను అన్నింటికంటే పట్టుదలగా చేసే పని కూడా ఇదే. మొదట గాలి బుసకొడుతూ వస్తుంది, ఆ వెంట రంధ్రాలు చేసినప్పుడు లోపల పడిన నల్లని ప్లాస్టిక్ పొట్టు, మట్టి కలిసిన బురద నీరు వస్తాయి. చివర నుంచి వచ్చే నీటిని దోసిట పట్టి చూస్తే అరచేతి గీతలు స్పష్టంగా కనిపించేంత వరకు ఆగాలి. ఆ తర్వాత మెయిన్ పైపు చివరను ముందు మూసి, ఒక్కొక్క డ్రిప్ పైపు చివరనూ వరుసగా మూస్తూ రావాలి. మూయడానికి పైపును మడిచి కట్టే ఎనిమిది అంకె ఆకారపు ఎండ్ క్యాప్ ఎంతో చాలు, విప్పడం కూడా తేలిక.

నీరు పారుతున్న తోటను పైనుంచి చూసి అంతా బాగానే ఉందనుకోవడం కుదరదు. ఒకే కొలత గల గ్లాసులు కొన్ని తీసుకుని, దగ్గరి మడిలోనూ దూరపు మడిలోనూ, పైపు మొదట్లోనూ మధ్యలోనూ చివరలోనూ డ్రిప్పర్ల కింద చిన్న గుంట తీసి పెట్టి, సరిగ్గా మూడు నిమిషాలు నీరు పట్టాలి. గంటకు 2 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్ మూడు నిమిషాల్లో 100 మిల్లీలీటర్లు ఇవ్వాలి. అన్నింటి సగటు తీసి, ఆ తర్వాత అన్నింటికంటే తక్కువ పట్టిన పావు వంతు గ్లాసుల సగటును దానితో పోల్చాలి. ఉదాహరణకు మొత్తం సగటు 96, తక్కువ పట్టినవాటి సగటు 88 అయితే సమానత్వం సుమారు 92 శాతం. 90 శాతం దాటితే అమరిక చక్కగా ఉన్నట్టు. అంతకు బాగా తక్కువైతే కారణాన్ని గ్లాసులే చెబుతాయి: చివరలు మాత్రమే తగ్గితే పైపు పొడవు ఎక్కువైంది లేదా ప్రవాహం చాలడం లేదు, అక్కడొకటి ఇక్కడొకటి తగ్గితే అవి పూడుకున్నాయి. ఈ అంకెలను తేదీ వేసి ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే ముందు ముందు చాలా ఉపయోగపడతాయి.

ఇక ఎంతసేపు నీరు పెట్టాలి అన్న ప్రశ్న. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తు నీరు నిలబెడితే అది ఒక లీటరు. వేడిగా, పొడిగా ఉండే రోజున ఎదిగిన కూరగాయల మడి నుంచి మొక్కల ద్వారానూ నేల నుంచీ కలిపి సుమారు 5 మిల్లీమీటర్ల నీరు గాలిలో కలిసిపోతుందనుకుంటే, పైన చెప్పిన 9.6 చదరపు మీటర్ల మడికి రోజుకు 48 లీటర్లు కావాలి. గంటకు 104 లీటర్లిచ్చే అమరికకు ఇది 28 నిమిషాల పని, కొంత నష్టాన్ని కలుపుకుంటే అరగంట. తొట్టి మీద నడిచే అమరికకు గంటకు పైన. నారు నాటిన కొత్తలో ఇందులో సగం చాలు. మడి అంతా ఆకుతో కప్పుకుని, పూత, పిందె దశకు వచ్చినప్పుడు పూర్తి లెక్క కావాలి. మబ్బు రోజుల్లో తగ్గించాలి, వేడిగాలి వీచే రోజుల్లో పెంచాలి. ఇది ఆరంభానికి పనికివచ్చే అంచనా మాత్రమే, తుది తీర్పు మట్టిదే. నీరు పెట్టిన మర్నాడు డ్రిప్పర్ పక్కన బెత్తెడు దూరంలో జానెడు లోతున మట్టి తీసి పిడికిట పట్టి చూడాలి. ముద్దకట్టి, చేతికి తడి అంటీ అంటకుండా ఉంటే అదును సరిపోయినట్టు. చేతికి బురద అంటితే సమయం తగ్గించాలి. ముద్ద కట్టకపోతే పెంచాలి.

అదే నీటిని రోజూ కొంచెం ఇవ్వాలా, రెండు మూడు రోజులకొకసారి ఎక్కువగా ఇవ్వాలా అన్నది మళ్లీ మట్టి మీదే ఆధారపడుతుంది. ఇసుక నేల నీటిని పట్టి ఉంచలేదు, కాబట్టి రోజూ, మండుటెండల్లో రోజుకు రెండుసార్లు కూడా, కొద్దికొద్దిగా ఇవ్వాలి. బంక నేలలో రోజూ ఇస్తే వేళ్లకు గాలి అందదు, రోజు విడిచి రోజు ఇవ్వడం మంచిది. ఏ నేలలోనైనా ఒక వారం ఎండగట్టి మరో వారం ముంచెత్తడం మాత్రం టమాటాకు చేటు. కాయ అడుగున నల్లని మచ్చ పడి కుళ్లినట్టు కనిపించే లోపానికి కాయలోకి కాల్షియం చేరకపోవడం కారణం. కాల్షియం నీటితో పాటే మొక్కలో పైకి వెళుతుంది కాబట్టి, మట్టిలో అది పుష్కలంగా ఉన్నా తడి హెచ్చుతగ్గులైతే కాయకు అందదు. మందుల కోసం వెతకడానికి ముందు నీటి వేళలు సరిచేసుకోవాలని ఈ మచ్చ చూపించిన ప్రతి ఒక్కరికీ నేను చెబుతుంటాను.

ఇక్కడే టైమర్ గురించి నా అభిప్రాయం కూడా చెప్పాలి. ఊళ్లు తిరిగే పని ఉన్నవారికి టైమర్ గొప్ప ఆసరా, అందులో సందేహం లేదు. కానీ మొదటి పంటకాలం మొత్తం వాల్వ్‌ను చేత్తోనే తిప్పమని నా సలహా. తోటలోకి వెళ్లి తిప్పినప్పుడు పైపు కారుతున్న చోటు కనబడుతుంది, ఏ మొక్క వాడిందో తెలుస్తుంది, ఎంతసేపటికి తడి ఎంత లోతుకు దిగుతుందో చేతికి అలవాటవుతుంది. ఆ అలవాటు వచ్చిన తర్వాత పెట్టిన టైమర్ మన లెక్కను అమలు చేస్తుంది. ముందే పెడితే ఎవరి లెక్కో అమలవుతుంది.

విత్తనాలు నేరుగా వేసిన మడికి మొలక వచ్చేదాకా డ్రిప్‌ను నమ్ముకోకూడదు. విత్తనం పై రెండు సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటుంది, డ్రిప్ కింద ఆరిపోయేది ముందుగా ఆ పొరే. మొలకెత్తి రెండు మూడు ఆకులు వచ్చేదాకా పూలక్యాన్‌తో చల్లడం, ఆ తర్వాత డ్రిప్‌కు మార్చడం మంచి పద్ధతి. నారు నాటేటప్పుడైతే ముందు రోజు డ్రిప్ వదిలి, తడి పట్టీ ఎక్కడ ఉందో చూసుకుని, పట్టీ లోపలే, పైపుకు నాలుగైదు వేళ్ల దూరంలో నాటాలి. కాండానికి ఆనించి నీరు పడితే మొదలు కుళ్లు తెగుళ్లకు దారి చూపినట్టే.

మల్చింగ్ లేకుండా డ్రిప్ ప్రయోజనం పూర్తిగా అందదు. పైపు మీద, దాని పక్కల, ఎండుగడ్డో ఎండుటాకులో నాలుగు వేళ్ల మందాన పరిస్తే తడిసిన పట్టీ మీద ఎండ పడదు, కలుపు తగ్గుతుంది, పైపు కూడా చల్లగా ఉంటుంది. గడ్డి కింద పైపు ఎటు పోతోందో మరిచిపోయి పారతో నరకకుండా ఉండటానికి వరుస రెండు కొసలా చిన్న కర్ర పాతి ఉంచుకోవాలి.

నీటిలో లవణాలు ఉన్న చోట డ్రిప్ చేసే ఒక మార్పును కనిపెట్టి ఉండాలి. నీరు లవణాలను తనతో తోసుకుంటూ తడి మచ్చ అంచుకు తీసుకువెళ్లి, అక్కడ ఆవిరై, వాటిని వదిలేస్తుంది. అంచున తెల్లని పొర కనిపించడం ఇందువల్లే. వేళ్ల దగ్గర మంచి నీరు ఉన్నంతకాలం దీనివల్ల హాని లేదు, కానీ ఒక చిన్న జల్లు పడితే ఆ లవణమంతా కరిగి వేళ్ల మీదకు వస్తుంది. అటువంటి నేలల్లో సన్నని జల్లు కురిసేటప్పుడు డ్రిప్‌ను ఆపకుండా నడపడం వింతగా కనిపించినా సరైన పనే. పెద్ద వాన పడితే లవణాలు లోతుకు కొట్టుకుపోతాయి, అప్పుడు ఆపుకోవచ్చు.

ఎరువులను డ్రిప్ ద్వారా ఇవ్వదలచినవారు నీటిలో పూర్తిగా కరిగేవే వాడాలి. ముందు కొంతసేపు మామూలు నీరు, మధ్యలో ఎరువు నీరు, చివర మళ్లీ మామూలు నీరు నడపాలి; ఎరువు పైపులో నిలిచిపోతే డ్రిప్పర్లలో గారకడుతుంది, నాచు పెరుగుతుంది. కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్, ఫాస్ఫేట్ ఉన్న ఎరువులతో ఒకే ద్రావణంలో కలపరాదు, ఆ కలయికలో కరగని తెల్లని మడ్డి పేరుకుంటుంది. పేడ నానబెట్టిన ద్రావణాలను ఎంత వడకట్టినా డ్రిప్‌లోకి పంపడానికి నాకు మనసొప్పదు. వాటిని మొక్క మొదట్లో చేత్తో పోయడమే మంచిది.

నిర్వహణ పెద్ద భారం కాదు గాని క్రమం తప్పకూడదు. ఫిల్టర్‌ను వారానికొకసారి విప్పి మెత్తని బ్రష్‌తో కడగాలి, జాలికి చిన్న చిరుగు కనిపించినా మార్చేయాలి. పైపు చివర్లను నెలకొకసారి విప్పి, నీరు తేటపడేదాకా వదలాలి. గట్టినీరు ఉన్న చోట డ్రిప్పర్ మూతి వద్ద తెల్లని గార పడుతుంది; విప్పదగిన ఆన్‌లైన్ డ్రిప్పర్లను ఒక రాత్రి వెనిగర్‌లో నానబెడితే అది కరిగిపోతుంది. ఇన్‌లైన్ డ్రిప్పర్ పూడుకుంటే విప్పే వీలు ఉండదు, ఆ ముక్కను కోసి తీసేసి, డ్రిప్పర్ ఉన్న కొత్త ముక్కను రెండు జాయినర్లతో అతికించాలి. ఎలుకలు, ఉడతలు దాహానికి పైపు కొరికిన చోట కూడా ఇదే వైద్యం. అవి ఎక్కువగా తిరిగే తోటలో నీరు నింపిన ఒక మట్టి మూకుడు అంచున పెడితే పైపుల జోలికి రావడం కొంత తగ్గుతుంది.

పంట మారేటప్పుడు నేల దున్నాలన్నా, ఎరువు కలపాలన్నా పైపులు తీయక తప్పదు. తీయడానికి ముందు చివర్లు విప్పి పూర్తిగా కడిగి, నీరంతా వంచేసి, పెద్ద చుట్టలుగా, ఎక్కడా నొక్కు పడకుండా చుట్టి, ఏ మడిదో ఒక చీటీ కట్టి నీడలో వేలాడదీయాలి. మళ్లీ పరిచినప్పుడు నీటిని చివర్లగుండా వదిలి, గ్లాసుల పరీక్ష మరోసారి చేసి, పుస్తకంలోని పాత అంకెలతో పోల్చి, మూడు నిమిషాల్లో 75 మిల్లీలీటర్లు కూడా ఇవ్వని డ్రిప్పర్లకు రంగు గుర్తు పెట్టి, నారు నాటకముందే వాటిని మార్చేయాలి. తొట్టి మీద నడిచే తోటలో ఆ హద్దును మొదటిసారి వచ్చిన సగటులో ముప్పావు వంతుగా పెట్టుకోవాలి. తొట్టిలో నీటి మట్టం తగ్గేకొద్దీ అంకెలు పడిపోతాయి కాబట్టి, ప్రతిసారీ పరీక్షను తొట్టి నిండుగా ఉన్నప్పుడే చేయాలి.